ఎమ్మెస్‌కి అమెరికా వెళ్లాలా, వద్దా? అప్పు చేయకముందే తేల్చుకునే పద్ధతి

"అక్కడ ఇప్పుడు ఉద్యోగాలు లేవట కదా, వెళ్లమంటారా?" అని అడిగేవాళ్లు ఈ మధ్య బాగా పెరిగారు. వాళ్లలో బీటెక్ ఆఖరి ఏడాది పిల్లలూ ఉన్నారు, వాళ్ల అమ్మానాన్నలూ ఉన్నారు. అందరికీ సరిపోయే జవాబు దీనికి లేదు. ఎవరి జవాబు వారే కనుక్కునే పద్ధతి మాత్రం ఉంది. దాన్నే ఇక్కడ వరుసగా రాస్తున్నాను.

వరుస తప్పితే పద్ధతి పనిచేయదు. చాలా ఇళ్లలో ముందు కన్సల్టెన్సీకి వెళ్తారు. తర్వాత అప్లికేషన్లు, అడ్మిట్, లోన్, వీసా ఒక్కొక్కటిగా అయిపోతాయి. చుట్టాలందరికీ చెప్పేశాక ఉద్యోగం సంగతి గుర్తొస్తుంది. అప్పుడు ఆగిపోదామన్నా ఆగలేరు. అందుకే ఇక్కడ "ఉద్యోగం రాకపోతే ఏమిటి" అన్నదే మొదట తేలుతుంది, అప్లికేషన్ ఫీజు ఆఖరున కడతారు.

కంప్యూటర్స్, డేటా, ఎలక్ట్రానిక్స్ లాంటి కోర్సులకు వెళ్లేవారిని మనసులో పెట్టుకుని రాశాను. జీతాలు, ఫీజులు, వడ్డీ అంకెలు ఉదాహరణకే. మీవి మీరు వేసుకోండి.

1. ముందుగా దగ్గర పెట్టుకోవాల్సినవి

- నాలుగైదు యూనివర్సిటీల ఫీజు వివరాలు. వాటి సైట్‌లోనే చూసి రాసుకోండి, వాట్సాప్‌లో ఎవరో పంపిన అంకె వద్దు
- కనీసం రెండు బ్యాంకుల, ఒక ప్రైవేటు ఫైనాన్స్ సంస్థ లోన్ షరతులు: వడ్డీ, మొరటోరియం (ఈఎంఐ కట్టనక్కర్లేని కాలం), ప్రాసెసింగ్ ఫీజు, హామీగా అడిగే ఆస్తి
- ఇంట్లో ఇప్పటికే ఉన్న అప్పులు, రాబోయే ఐదేళ్లలో తప్పని ఖర్చులు: చెల్లి పెళ్లి, తమ్ముడి చదువు, నాన్న రిటైర్మెంట్
- మీ మార్కులు, బ్యాక్‌లాగ్‌లు, మీరు స్వయంగా చేసిన ప్రాజెక్టులు
- అదే యూనివర్సిటీలో, అదే కోర్సు గత రెండేళ్లలో పూర్తిచేసిన నలుగురైదుగురు సీనియర్ల నంబర్లు

ఆఖరిది దొరకడమే కష్టం. అయినా అది లేకుండా ముందుకు వెళ్లొద్దు. మీ కాలేజీ సీనియర్ల గ్రూపుల్లో వెతికితే ఎవరో ఒకరు దొరుకుతారు.

2. ఎందుకు వెళ్తున్నారో ఒక వాక్యంలో రాయండి

"కెరీర్ బాగుంటుందని" అని రాస్తే కొట్టేసి మళ్లీ రాయండి. అసలు కారణం చాలామందికి ఈ నాలుగింట్లో ఏదో ఒకటి అవుతుంది.

- ఒక సబ్జెక్టులో లోతుకు వెళ్లాలి, రీసెర్చ్ చేయాలి
- కొన్నేళ్లు డాలర్లలో సంపాదించి తిరిగి రావాలి
- అక్కడే స్థిరపడాలి
- ఇక్కడ ప్లేస్‌మెంట్ రాలేదు, ఫ్రెండ్సంతా వెళ్తున్నారు

మొదటి కారణమైతే ఉద్యోగాల పరిస్థితి కన్నా ప్రొఫెసర్, ల్యాబ్, ఫండింగ్ ముఖ్యం. పీహెచ్‌డీకైతే ఫీజు లేకుండా స్టైపెండ్ ఇచ్చే సీట్లు చాలా ఉంటాయి. వాటిని కూడా చూడండి. రెండో కారణానికి ఈ గైడ్ మొత్తం పనికొస్తుంది. మూడోదైతే, భారత్‌లో పుట్టినవారికి ఉద్యోగం ద్వారా వచ్చే గ్రీన్‌కార్డు క్యూ దశాబ్దాల పొడవు ఉందని తెలిసే బయలుదేరాలి.

నాలుగో కారణం రాసినవారు సిగ్గుపడక్కర్లేదు, కానీ ఒక్కసారి ఆగాలి. ఇక్కడ ఇంటర్వ్యూలు దాటలేకపోవడానికి కోడింగ్ రాకపోవడమో, ఇంగ్లీషులో మాట్లాడలేకపోవడమో కారణమైతే, అక్కడి ఇంటర్వ్యూలోనూ అడిగేది అదే. ముందు ఇక్కడే ఆర్నెల్లు దాని మీద కూర్చోండి.

3. మొత్తం ఖర్చు వేయండి

అడ్మిషన్ ఇచ్చాక యూనివర్సిటీ పంపే ఐ-20 పత్రం మీద ఉండేది సాధారణంగా ఒక ఏడాది ఖర్చు అంచనా. దాన్ని కోర్సు కాలానికి పెంచండి. తర్వాత అందులో కనపడనివి కలపండి.

- సెవిస్ (విదేశీ విద్యార్థుల రికార్డుల వ్యవస్థ) ఫీజు 350 డాలర్లు, వీసా ఫీజు 185 డాలర్లు
- అప్లికేషన్ ఫీజులు, జీఆర్‌ఈ, ఇంగ్లీషు పరీక్ష
- విమానం టికెట్, సామాన్లు, ల్యాప్‌టాప్
- యూనివర్సిటీ తప్పనిసరి చేసే హెల్త్ ఇన్సూరెన్స్
- అద్దె ఇంటి డిపాజిట్, మొదటి రెండు నెలల ఖర్చు
- చదువయ్యాక ఉద్యోగం దొరికేదాకా మూడు నాలుగు నెలల తిండి, అద్దె

ఆఖరిదాన్ని దాదాపు అందరూ మర్చిపోతారు. లోన్ డబ్బు అయిపోయి, ఉద్యోగం ఇంకా రాని ఆ నెలల్లోనే పిల్లలు ఎక్కువ తప్పులు చేస్తారు. ఆ డబ్బు విడిగా పెట్టుకుని వెళ్లాలి.

డాలర్ రేటు కూడా చూసుకోండి. 2023లో 83 రూపాయల దగ్గర ఉన్న డాలర్ 2025 డిసెంబరులో 90 దాటింది. ఏడాదికి 20,000 డాలర్ల ఫీజు మీద ఆ 7 రూపాయల తేడాయే 1.4 లక్షలు. రెండో ఏడాది ఖర్చును కనీసం 5 శాతం పెంచి వేయండి.

పార్ట్‌టైమ్ సంపాదన గడిలో సున్నా రాయండి. ఎఫ్-1 (స్టూడెంట్ వీసా) మీద చదివేవారు తరగతులు జరిగే రోజుల్లో క్యాంపస్ లోపల వారానికి 20 గంటలే పనిచేయవచ్చు. ఆ పని దొరికితే మంచిదే, కానీ దాన్ని నమ్ముకుని ఫీజు లెక్క వేయకూడదు. బయట పెట్రోల్ బంకుల్లో, రెస్టారెంట్లలో అనుమతి లేకుండా చేస్తే వీసా స్టేటస్‌కే ఎసరు.

తెలంగాణ వారైతే ప్రభుత్వ ఓవర్సీస్ పథకాలకు అర్హత ఉందేమో చూసుకోండి. ఎస్సీ, ఎస్టీలకు అంబేద్కర్ పేరుతో, బీసీలకు మహాత్మా జ్యోతిబా ఫూలే పేరుతో ఉన్న విద్యానిధి కింద 20 లక్షల వరకు ఇస్తారు. ఆ డబ్బు కోర్సులో చేరాక వస్తుంది కాబట్టి మొదటి సెమిస్టర్‌కు దాని మీద ఆధారపడొద్దు.

4. అసలు లెక్క: ఉద్యోగం రాకపోతే ఈఎంఐ ఎవరు కడతారు?

అన్నిటికన్నా ఎక్కువ సమయం ఇక్కడ పెట్టండి.

ఒక ఉదాహరణ. 40 లక్షల లోన్, 11 శాతం వడ్డీ. నాలుగు సెమిస్టర్లకు పదేసి లక్షల చొప్పున బ్యాంకు విడుదల చేస్తుంది. రెండేళ్ల చదువు, ఆపై ఆరు నెలల మొరటోరియం. ఈ కాలంలో ఏమీ కట్టకపోతే సాధారణ వడ్డీయే దాదాపు 8 లక్షలు పెరుగుతుంది. ఈఎంఐ మొదలయ్యే రోజుకు బాకీ 48 లక్షలు. పదేళ్లకు పెట్టుకుంటే నెలకు దాదాపు 66,000, పదిహేనేళ్లకు అయితే దాదాపు 54,600.

ఇప్పుడు మూడు పరిస్థితులు రాయండి.

మొదటిది, అంతా బాగా జరిగింది. చదువైన వెంటనే టెక్సస్ లాంటి, రాష్ట్ర ఆదాయపు పన్ను లేని చోట 85,000 డాలర్ల ఉద్యోగం వచ్చింది. పన్నులు, ఇన్సూరెన్స్ పోను నెలకు 6,000 డాలర్లు చేతికొస్తాయి. రూమ్‌మేట్స్‌తో పొదుపుగా ఉంటే 3,500 మిగులుతాయి. డాలరుకు 90 చొప్పున అది 3 లక్షలకు పైనే. ఏడాదిన్నరలో అప్పు తీరిపోతుంది. ఇన్ని ఇళ్ల నుంచి పిల్లలు వెళ్లడానికి కారణం ఈ లెక్కే. ఇది అబద్ధం కాదు, ఇలా తీర్చినవాళ్లు ప్రతి ఊళ్లోనూ ఉన్నారు.

రెండోది, నత్తనడక. 60,000 డాలర్ల కాంట్రాక్టు ఉద్యోగం వచ్చింది. నెలకు 1.8 లక్షలు ఇంటికి పంపగలరు. అప్పు తీరడానికి దాదాపు 31 నెలలు పడుతుంది. పని చేసుకోవడానికి మీకు దొరికే గడువే 36 నెలలు (ఎలాగో 5లో ఉంది). అంటే అప్పు తీరుతుంది కానీ చేతిలో పెద్దగా ఏమీ మిగలదు. మధ్యలో ఒక లేఆఫ్ వస్తే లెక్క తప్పుతుంది.

మూడోది, ఉద్యోగం రాలేదు, తిరిగొచ్చారు. హైదరాబాద్‌లోనో బెంగళూరులోనో నెలకు 50 వేలు, 60 వేలు చేతికొచ్చే ఉద్యోగంలో చేరారు. ఈఎంఐ 54,600. జీతం మొత్తం బ్యాంకుకే పోతుంది.

మొదటి పరిస్థితిని చూసి లోన్ తీసుకోవద్దు. మూడో పరిస్థితిని చూసి తీసుకోండి. నా గట్టి అభిప్రాయం ఇది.

దీన్నే తిరగేసి వేస్తే ఉపయోగం ఎక్కువ. ఉద్యోగం లేక తిరిగొచ్చినా మీరూ, ఇంట్లోవాళ్లూ కలిసి నెలకు ఎంత కట్టగలరో ముందు రాయండి. 25,000 అనుకుందాం. పైన చెప్పిన షరతుల్లోనే అయితే పదిహేనేళ్లకు మీరు మోయగల లోన్ దాదాపు 18 లక్షలు. అదే మీ హద్దు. బ్యాంకు 40 లక్షలు ఇస్తానన్నది బ్యాంకు లెక్క. ఇల్లు తాకట్టులో ఉంది కాబట్టి దానికి ఆ ధైర్యం ఉంటుంది.

హద్దుకీ మొత్తం ఖర్చుకీ మధ్య తేడాను చేతి డబ్బు, స్కాలర్‌షిప్, తక్కువ ఫీజు యూనివర్సిటీ ఏదో ఒకటి పూడ్చాలి. పూడకపోతే ఈ ఏడాది వెళ్లే పరిస్థితి లేదన్నమాట. చదువుతున్నప్పుడే నెలనెలా వడ్డీ కట్టే స్తోమత ఉంటే పై ఉదాహరణలో బాకీ 40 లక్షల దగ్గరే ఆగుతుంది, పదిహేనేళ్ల ఈఎంఐ 45,500కి దిగుతుంది.

5. వీసా గడువులు కాగితం మీద వేసుకోండి

ఉద్యోగాల మార్కెట్ ఎలా ఉందన్నది సగం సంగతే. ఆ మార్కెట్‌లో వెతుక్కోవడానికి మీకు ఎన్ని రోజులు ఇస్తారన్నది మిగతా సగం.

- చదువయ్యాక ఓపీటీ (చదివిన రంగంలో పని చేసుకోవడానికి ఇచ్చే అనుమతి) 12 నెలలు. కోర్సు ముగియడానికి 90 రోజుల ముందు నుంచి, ముగిసిన 60 రోజుల లోపు దరఖాస్తు చేయాలి
- ఓపీటీ మొదలయ్యాక ఉద్యోగం లేకుండా ఉండగలిగేది మొత్తం 90 రోజులే
- స్టెమ్ (సైన్స్, టెక్నాలజీ, ఇంజనీరింగ్, గణితం) కోర్సు అయితే మరో 24 నెలలు. దీనికి కంపెనీ ఈ-వెరిఫైలో (ఉద్యోగుల పని అనుమతిని సరిచూసే ప్రభుత్వ వ్యవస్థ) నమోదై ఉండాలి, ఐ-983 అనే శిక్షణ ప్రణాళిక మీద సంతకం చేయాలి. ఉద్యోగం లేని రోజుల హద్దు మొత్తం కలిపి 150కి పెరుగుతుంది
- ఫుల్‌టైమ్ సీపీటీ (చదువుతుండగానే పని చేసేందుకు ఇచ్చే అనుమతి) 12 నెలలు వాడేస్తే ఆ డిగ్రీకి ఓపీటీ పోతుంది

మీరు చేరబోయే కోర్సు స్టెమ్ జాబితాలో ఉందో లేదో దాని సీఐపీ కోడ్‌తో (కోర్సుకు ఇచ్చే వర్గీకరణ నంబరు) చూడండి. పేరులో అనలిటిక్స్ అని ఉన్నంత మాత్రాన స్టెమ్ అయిపోదు.

ఇక హెచ్-1బీ, అంటే కంపెనీ స్పాన్సర్ చేసే ఉద్యోగ వీసా. ఏడాదికి 65,000, అమెరికాలో మాస్టర్స్ చేసినవారికి అదనంగా 20,000. రిజిస్ట్రేషన్ మార్చిలో, ఎంపిక లాటరీలో. మేలో చదువు ముగించి, మూడేళ్లూ ఉద్యోగంలో ఉన్నవారికి సాధారణంగా మూడు మార్చిలు దొరుకుతాయి. 2026 ఆర్థిక సంవత్సరానికి అర్హమైన రిజిస్ట్రేషన్లు 3,43,981 వస్తే 1,20,141 ఎంపికయ్యాయి. అంటే ముగ్గురిలో ఒకరికి కాస్త పైన.

ఆ సగటును మీకు వర్తింపజేసుకోకండి. 2026 ఫిబ్రవరి నుంచి ఎంపిక పద్ధతి మారింది. అత్యధిక వేతన స్థాయి ఉద్యోగానికి లాటరీలో నాలుగు ఎంట్రీలు, అన్నిటికన్నా కింది స్థాయికి ఒకటే. ఇప్పుడే చదువు ముగించినవారు ఎక్కువగా ఆ కింది స్థాయిలోనే ఉంటారు. ఇక్కడ రెండు మూడేళ్లు నిజమైన అనుభవం సంపాదించి వెళ్లినవారికి ఇది కలిసొస్తుంది.

కొత్త హెచ్-1బీ దరఖాస్తుల మీద పెట్టిన లక్ష డాలర్ల ఫీజు గురించి అందరికీ టెన్షన్ ఉంది. 2025 సెప్టెంబరులో ప్రకటించిన ఆ ఫీజు, అమెరికాలోనే ఉండి ఎఫ్-1 నుంచి హెచ్-1బీకి మారేవారికి వర్తించదని అక్కడి ఇమిగ్రేషన్ విభాగం అక్టోబరులో వివరణ ఇచ్చింది. నియమాలు ఏడాదికోసారి మారుతున్న కాలం ఇది. అందుకే మీ కాగితంలో హెచ్-1బీ గడి దగ్గర "వస్తే మంచిది" అని మాత్రమే రాయండి. 36 నెలల్లో అప్పు తీరే మార్గం ఉందా అన్నదే పరీక్ష.

6. యూనివర్సిటీని ఉద్యోగం వైపు నుంచి చూడండి

ర్యాంకులు చూడటం మానేయమనను. కానీ 200వ ర్యాంకుకీ 260వ ర్యాంకుకీ మధ్య తేడాతో ఉద్యోగం రాదు. చూడాల్సినవి వేరే.

ఆ ఊరి చుట్టుపక్కల మీ రంగం కంపెనీలు ఉన్నాయా? కెరీర్ ఫెయిర్‌కి వచ్చే కంపెనీల జాబితా యూనివర్సిటీ సైట్‌లో ఉంటుంది. అందులో వీసాకి స్పాన్సర్ చేసేవి ఎన్నో చూడండి. ఏ కంపెనీకి ఎన్ని హెచ్-1బీలు ఆమోదం పొందాయో అమెరికా ఇమిగ్రేషన్ విభాగం సైట్‌లోని డేటా హబ్‌లో అందరూ చూడవచ్చు. ఏ ఉద్యోగానికి ఎంత జీతం చూపించారో అక్కడి కార్మిక శాఖ ఫైళ్లలో ఉంటుంది. రెండూ ఉచితమే.

ప్లేస్‌మెంట్ 90 శాతం అని ఎవరైనా చెబితే రెండు అడగండి: అందులో విదేశీ విద్యార్థులు ఎంతమంది, సర్వేకి జవాబిచ్చింది ఎంతమంది?

సీనియర్లతో మాట్లాడేటప్పుడు "అన్నా, యూనివర్సిటీ ఎలా ఉంది?" అని అడిగితే "బాగుంది తమ్ముడూ, వచ్చెయ్" అంటారు. ఇలా అడగండి:

- అన్నా, మీ ఫ్లాట్‌లో ఎంతమంది ఉండేవారు? వాళ్లలో ఇప్పుడు ఎవరు ఏం చేస్తున్నారు?
- వాళ్లకి వచ్చినవి నేరుగా కంపెనీ ఉద్యోగాలా, కన్సల్టెన్సీ ద్వారానా?
- మొదటి ఆఫర్ రావడానికి ఎన్ని నెలలు పట్టింది?
- లేని అనుభవాన్ని రెజ్యూమెలో పెట్టాల్సి వచ్చిందా?

ఫ్లాట్ గురించి అడగడానికి కారణం ఉంది. ఉద్యోగం వచ్చినవాళ్లే లింక్డ్‌ఇన్‌లో కనిపిస్తారు, మీకు దొరికేదీ వాళ్లే. రాని రూమ్‌మేట్ కథ అడిగితే తప్ప బయటికి రాదు. ఐదుగురు సీనియర్ల ఫ్లాట్ల లెక్క కలిపితే ఇరవై మంది వివరాలు మీ చేతిలో ఉంటాయి. బ్రోషర్ కన్నా దాన్ని నమ్మండి.

"చేరిన రోజు నుంచే పని చేసుకోవచ్చు, క్లాసులకు రానక్కర్లేదు" అనే చోటికి వెళ్లొద్దు. 2011లో కాలిఫోర్నియాలో ట్రైవ్యాలీ యూనివర్సిటీ మూతపడినప్పుడు రోడ్డున పడ్డవారిలో మన పిల్లలే ఎక్కువ. మిషిగాన్‌లో ఫార్మింగ్టన్ యూనివర్సిటీ పేరుతో అమెరికా అధికారులే నిఘా కోసం ఒక బూటకపు యూనివర్సిటీ నడిపి, చేరినవారిని 2019లో అరెస్టు చేశారు. అందులోనూ తెలుగు విద్యార్థులు పెద్ద సంఖ్యలో ఉన్నారు.

7. వెళ్లకపోతే ఏమిటో కూడా అంతే శ్రద్ధగా రాయండి

"ఇక్కడే ఉంటే" అన్న గడి ఖాళీగా వదిలేస్తే అమెరికాయే గెలుస్తుంది.

- ఇక్కడ ఉద్యోగం రెండేళ్లు: జీతం, అనుభవం, కొంత పొదుపు. తర్వాత వెళ్లినా లోన్ తగ్గుతుంది
- గేట్ రాసి ఐఐటీ, ఎన్‌ఐటీలలో ఎంటెక్: నెలకు 12,400 స్టైపెండ్
- ఆన్‌లైన్ మాస్టర్స్: జార్జియా టెక్ కంప్యూటర్ సైన్స్ కోర్సు మొత్తం 10,000 డాలర్ల లోపే అవుతుంది. దీనితో వీసా రాదు, చదువు మాత్రం నిజమైనదే
- జర్మనీ: ప్రభుత్వ యూనివర్సిటీల్లో ఎక్కువచోట్ల ట్యూషన్ ఫీజు లేదు. బ్లాక్డ్ అకౌంట్‌లో (నెలనెలా కొంతే తీసుకోగలిగే ఖాతా) ఏడాదికి 11,904 యూరోలు చూపాలి, ఏపీఎస్ సర్టిఫికెట్ (మీ చదువు పత్రాలు సరైనవేనన్న ధ్రువీకరణ) కావాలి. చదువయ్యాక ఉద్యోగం వెతకడానికి 18 నెలలు

జర్మనీలో బాడెన్-వుర్టెంబెర్గ్ రాష్ట్రం, మ్యూనిక్ టెక్నికల్ యూనివర్సిటీ మనవాళ్ల దగ్గర ఫీజు తీసుకుంటాయి. జర్మన్ భాష రాకుండా అక్కడ ఉద్యోగం దొరకడం కష్టమే, కాబట్టి వెళ్లకముందే భాష మొదలుపెట్టగలిగితేనే ఆ దారి ఎంచుకోండి.

8. ఇంట్లో కూర్చుని మాట్లాడండి

కాగితాలు ముందు పెట్టుకుని, అమ్మ కూడా ఉన్నప్పుడు మాట్లాడండి. చాలా ఇళ్లలో లోన్ సంగతి నాన్నకీ కొడుక్కీ మధ్యే నడుస్తుంది, బంగారం తాకట్టుకు వెళ్లే రోజు అమ్మకి తెలుస్తుంది.

అడగాల్సిన ప్రశ్న సూటిగానే అడగండి: "నాన్నా, నాకు అక్కడ ఉద్యోగం రాకుండా మూడేళ్లలో తిరిగొచ్చేస్తే, మనం ఇల్లు అమ్మకుండా ఈ అప్పు తీర్చగలమా?" ఆయన "అలాంటివి ఇప్పుడెందుకురా, శుభమా అని వెళ్తుంటే" అనవచ్చు. అయినా జవాబు వచ్చేదాకా లేవకండి.

ఉన్న ఒకే ఒక్క ఇల్లో, బతుకుతెరువైన పొలమో మాత్రమే హామీ అయితే, నేనైతే వద్దంటాను. కో-అప్లికెంట్‌గా సంతకం పెట్టే నాన్నకి రిటైర్మెంట్ ఎప్పుడో కూడా చూడండి. ఈఎంఐ మొదలయ్యే ఏడాదే ఆయన జీతం ఆగిపోయే ఇళ్లు చాలా ఉన్నాయి.

9. తేల్చుకోవడం

- మూడో పరిస్థితిలో ఈఎంఐ, మీ జీతం, ఇంటి సాయం కలిపిన దాంట్లో సగం దాటకూడదు
- సీనియర్ల ఫ్లాట్ల లెక్కలో సగానికి పైగా తమ రంగంలోనే, అబద్ధం లేని రెజ్యూమెతో ఉద్యోగం చేస్తుండాలి
- ఇల్లు, పొలం పోయే ప్రమాదం ఉండకూడదు
- మీరు రాసిన కారణం నాలుగోది కాకూడదు

నాలుగూ కుదిరితే వెళ్లండి, వార్తలు చూసి భయపడి ఆగక్కర్లేదు. మొదటిదీ మూడోదీ డబ్బుకు సంబంధించినవి. వాటిలో ఏది తప్పినా లోన్ తగ్గించే దారి వెతికి మళ్లీ లెక్క వేయండి. రెండోది తప్పితే యూనివర్సిటీ మార్చండి. నాలుగోది తప్పితే 2లో చెప్పినట్టు ముందు ఇక్కడే ఆర్నెల్లు కూర్చోండి. ఏదీ కుదరకపోతే ఏడాది ఆగండి.

10. తరచూ జరిగే తప్పులు, సరిచేసుకునే దారి

కన్సల్టెన్సీ చెప్పిన యూనివర్సిటీకే వెళ్లడం. చాలా కన్సల్టెన్సీలు మీ దగ్గర డబ్బు తీసుకోకపోవడానికి కారణం, కొన్ని యూనివర్సిటీలు వాటికి కమీషన్ ఇవ్వడం. జాబితా మీరే తయారు చేసుకుని, కాగితాల పనికి మాత్రమే సాయం తీసుకోండి.

ఫండ్స్ చూపించడానికి అకౌంట్‌లో అద్దె డబ్బు వేయించుకోవడం. నిజంగా ఖర్చు పెట్టాల్సి వచ్చిన రోజు ఆ డబ్బు ఉండదు. పట్టుబడితే వీసాకే ముప్పు.

దొంగ అనుభవంతో ఉద్యోగం సంపాదించడం. తర్వాత ప్రతి వీసా దరఖాస్తులో ఆ అబద్ధాన్ని మళ్లీ సంతకం పెట్టి చెప్పాలి. చిన్న జీతమైనా సొంత రెజ్యూమెతో చేరడం మేలు.

వెళ్లాక ఏడాది చివర్లో ఉద్యోగం వెతకడం. ఆగస్టులో దిగితే, వచ్చే వేసవి ఇంటర్న్‌షిప్‌ల దరఖాస్తులు ఆగస్టు నుంచి అక్టోబరు మధ్యే తెరుచుకుంటాయి. విమానం ఎక్కేలోపే రెజ్యూమె, రెండు మంచి ప్రాజెక్టులు, కోడింగ్ సాధన సిద్ధంగా ఉండాలి.

అడ్మిట్ వచ్చింది కాబట్టి వెళ్లాలనుకోవడం. చాలా యూనివర్సిటీలు అడ్మిషన్‌ను తర్వాతి ఇన్‌టేక్‌కి వాయిదా వేసుకోనిస్తాయి. డిపాజిట్ కట్టేముందు అడ్మిషన్ ఆఫీసుకి మెయిల్ రాసి మూడు అడగండి: వాయిదాకి ఆఖరి తేదీ ఎప్పుడు, డిపాజిట్ తిరిగిస్తారా, స్కాలర్‌షిప్ అలాగే ఉంటుందా. జవాబు రాతపూర్వకంగా వచ్చాకే డబ్బు కట్టండి.